‘ఇందులో నాది ఏదమ్మా?’: ఒక డౌన్‌లోడ్ పేజీని మార్చిన అనుభవం

లినక్స్ ఆధారంగా నడిచే ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో నేను వెబ్‌సైట్ పని చూసే వాలంటీర్ని. కోడ్ రాసేవాళ్లు, ప్యాకేజీలు తయారుచేసేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. వెబ్‌సైట్ అనేసరికి మాత్రం మిగిలేది మేం కొద్దిమందిమే. డౌన్‌లోడ్ పేజీ మార్చాలన్న మాట మా దగ్గర ఏళ్ల తరబడి నలిగింది. ఎవరో ఒకరు ఎత్తడం, పది రోజులు వాదించుకోవడం, వదిలేయడం. దాన్ని ఈసారి వదలకూడదని నేను పట్టుబట్టడానికి ఒక తేదీ కారణం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ చాలా ముందే చెప్పింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి, ప్రాసెసర్ కూడా కాస్త కొత్తదై ఉండాలి. అవి లేని లాప్‌టాప్‌లు పాడైపోయినవి కావు. మరో నాలుగేళ్లు హాయిగా పనిచేసే యంత్రాలు. వాటి యజమానులు జీవితంలో మొదటిసారి ‘లినక్స్ వేసుకుంటే పోలా’ అనుకుని మా గుమ్మంలోకి వస్తారు. వాళ్లు వచ్చేనాటికి ఆ గుమ్మం దాటగలిగేలా ఉండాలన్నదే నా తపన.

అప్పటి పేజీ ఎలా ఉండేదో చెబుతాను. పైన వెర్షన్ పేరు. కింద ఒక పెద్ద పట్టిక. అడ్డంగా ఏఎమ్‌డీ64, ఐ386, ఏఆర్‌ఎమ్64 అని ప్రాసెసర్ రకాలు. నిలువుగా నెట్ ఇన్‌స్టాల్ (మిగతాది ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే చిన్న ఫైలు), డీవీడీ, లైవ్ గ్నోమ్, లైవ్ కేడీఈ, లైవ్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. లైవ్ అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూసేది; మిగతా మూడూ తెర కనిపించే తీరు వేరుగా ఉండే డెస్క్‌టాప్ రకాలు. ప్రతి గడిలో ఐఎస్‌ఓ (అసలు ఫైలు), టొరెంట్ (దాన్నే ముక్కలుగా దించే పద్ధతి), చెక్‌సమ్ (ఫైలు సరిగా దిగిందో చూసుకునే గుర్తు) అని మూడేసి లింకులు. పక్కన దేశాలవారీగా మిర్రర్ల (అవే ఫైళ్లు ఉంచే సర్వర్ల) జాబితా, ‘మీకు దగ్గరలో ఉన్నది ఎంచుకోండి’ అని ఒక వాక్యం. వీటన్నిటికీ పైన ‘స్టేబుల్’ (అందరూ వాడదగినది), ‘టెస్టింగ్’ (ఇంకా తయారీలో ఉన్నది) అని రెండు ట్యాబులు. ఇందులో ఒక్క తప్పు సమాచారం లేదు. మా దగ్గర ఏమేం ఉన్నాయో ఆ పట్టిక నిజాయితీగా చెప్పేది. వచ్చిన మనిషికి వాటిలో ఏది కావాలో మాత్రం చెప్పేది కాదు.

పేజీ ఎలా ఉందో చెప్పమని ఎవరినైనా అడిగితే ‘బాగానే ఉందండీ’ అనేస్తారు. దానివల్ల ఏమీ తెలియదు. అందుకని లినక్స్‌ను ఎన్నడూ ముట్టుకోని మనుషుల్ని తెలిసినవాళ్లలోనే వెతికాను. వాళ్ల కంప్యూటర్ ముందు వాళ్లనే కూర్చోబెట్టి పక్కన కుర్చీ వేసుకున్నాను. ‘మా సైట్ తెరిచి, మా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఈ కంప్యూటర్‌లో నడిపించి చూడండి. మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ ఉండండి’ అని చెప్పాక ఇక నేను నోరు విప్పకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. తప్పు లింకు మీదికి మౌస్ వెళుతుంటే నాలుక చివరిదాకా మాట వచ్చేస్తుంది. దాన్ని ఆపుకుని చూస్తేనే పేజీలో లోపం ఎక్కడుందో కనిపిస్తుంది.

వాళ్లలో ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. పేజీని పైనుంచి కిందికి ఓపిగ్గా, పరీక్ష పేపర్ చదివినట్టు చదివారు. ఏఎమ్‌డీ64 దగ్గర ఆగారు. లాప్‌టాప్ మీద కీబోర్డు పక్కన ఉన్న ఇంటెల్ స్టిక్కర్ మీద వేలు పెట్టారు.

“ఏఎమ్‌డీ వేరే కంపెనీ కదమ్మా. నాది ఇంటెల్. అంటే ఇది నాది కాదు.”

మళ్లీ పట్టికలోకి వెళ్లారు. ఐ386 కనిపించింది. “ఐ అంటే ఇంటెల్ అయ్యుండాలి. ఇందులో నాది ఇదేనా అమ్మా?” అని నా వైపు చూశారు. “మీకేది సరైందనిపిస్తే అదే చేయండి మాస్టారూ” అన్నాను. ఆయన ఐ386 నొక్కేశారు.

ఆయన తర్కంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. చేతిలో ఉన్న ఆధారాలతో ఎవరైనా అక్కడికే వస్తారు. ఐ386 పేరు నిజంగానే ఇంటెల్ 1985లో తెచ్చిన 80386 ప్రాసెసర్ నుంచి వచ్చింది. అది 32 బిట్ కాలం నాటి సంగతి. ఆ తరహా ప్రాసెసర్లను 64 బిట్‌కు పెంచే పద్ధతిని ముందుగా రూపొందించింది ఏఎమ్‌డీ. 2003లో ఆప్టెరాన్ చిప్‌తో మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడు ఇంటెల్ కూడా ఆ దారికే వచ్చింది. అందుకే డెబియన్ లాంటి లినక్స్ ప్రాజెక్టుల్లో ఏఎమ్‌డీ64 అన్న పేరు స్థిరపడిపోయింది. ఈ మధ్యకాలపు ఇంటెల్ లాప్‌టాప్‌లన్నిటికీ కావలసింది కూడా అదే. దాన్నే ఇంకొందరు ఎక్స్86_64 అంటారు, విండోస్‌లో ఎక్స్64 అని కనిపిస్తుంది. ఈ చరిత్ర నాకు చాలా ఇష్టం, అడిగితే గంటసేపు చెబుతాను. అయితే మాస్టారు చరిత్ర కోసం రాలేదు. ఆయన దించుకున్న 32 బిట్ ఫైలు ఆ లాప్‌టాప్‌లో బూట్ కాకుండానే ఆగిపోయింది. అదే మేం లేకుండా జరిగి ఉంటే, ‘లినక్స్ నా కంప్యూటర్‌కి పడదు’ అని తేల్చుకుని ఆయన వెళ్లిపోయేవారు. ఆ మాట తప్పని ఆయనకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి ఈ మెట్టు సులభంగానే దాటింది. వీడియోలు చూసి వచ్చింది కాబట్టి ఏఎమ్‌డీ64 గురించి ఆమెకు తెలుసు. ఐఎస్‌ఓ దిగింది. ఆమె కంప్యూటర్‌లో ఆ ఫైలుకు విన్‌రార్ బొమ్మ కనిపించింది. “అక్కా, ఇది జిప్ ఫైలా?” అంటూ ఒక ఫోల్డర్‌లోకి విప్పేసింది. లోపల సెటప్ ఫైలు కోసం వెతికింది. లేదు. ఫైలు సగమే దిగిందేమోనని అనుమానం వచ్చి మొత్తం మళ్లీ దించింది. ఈసారి ఆ ఫైలును ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి రీస్టార్ట్ కొట్టింది. మామూలుగా విండోస్ వచ్చింది. “వేశాను కదక్కా, ఎందుకు రాలేదు?” అని అడిగినప్పుడు ఆమె గొంతులో విసుగు లేదు, తనకే ఏదో చేతకాలేదన్న బెంగ ఉంది. అది నన్ను బాగా కదిలించింది.

ఐఎస్‌ఓ అంటే ఒక డిస్కు మొత్తానికి నకలు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఫైలుగా పడేస్తే కంప్యూటర్ దానినుంచి బూట్ కాదు. ఆ నకలును డ్రైవ్ మొదలు నుంచి బూట్ అయ్యే రీతిలో రాయాలి, అందుకు వేరే టూల్ కావాలి. మా పేజీలో ఈ మాట ఎక్కడుంది? ఇన్‌స్టలేషన్ గైడ్ అనే వేరే డాక్యుమెంట్‌లో, చాలా లోపలి అధ్యాయంలో. డౌన్‌లోడ్ పేజీ తన పని ఫైలు ఇవ్వడంతో అయిపోయిందనుకుంటోంది. మనిషికి మాత్రం ఆ ఫైలు దిగాకే అసలు టెన్షన్ మొదలవుతోంది.

ఇలా చూసినవన్నీ రాసి మా బృందం ముందు పెట్టాను. పేజీ అడిగే ప్రతి ప్రశ్నకూ పక్కనే ‘దీనికి కొత్తవాళ్లు జవాబు చెప్పగలరా’ అని రాసుకుంటూ పోతే, ప్రాసెసర్ రకం చెప్పలేరు. డెస్క్‌టాప్ రకం చెప్పలేరు, ఎందుకంటే గ్నోమ్, కేడీఈ అన్న పేర్లే విని ఉండరు. దగ్గరి మిర్రర్ ఏదో చెప్పలేరు. స్టేబుల్, టెస్టింగ్ సంగతీ అంతే. కొందరు ‘టెస్టింగ్’ అంటే వేసుకునే ముందు పరీక్షగా చూసుకునే వెర్షన్ అనుకుని అదే నొక్కారు. వాళ్లు చెప్పగలిగేవి రెండే: తమ దగ్గర ఉన్నది ఎలాంటి కంప్యూటర్, దాన్ని దేనికి వాడతారు. మిగతావన్నీ మనమే తేల్చి పెట్టాలి. ఇదీ నా వాదన.

పాతకాపులు కొందరు ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరాలు తేలిగ్గా తీసేసేవి కావు. ఒకాయన సర్వర్లు నడుపుతారు. ఆయనకు నెట్ ఇన్‌స్టాల్ ఫైలు, దాని చెక్‌సమ్ ఒకే చోట కనిపించాలి. ఇంకొకరు ఇంటర్నెట్ సరిగా అందని చోట్లకు డీవీడీలు పంపిస్తారు. ఆమెకు పూర్తి డీవీడీ ఐఎస్‌ఓ దాచకూడదు. ఏఆర్‌ఎమ్ బోర్డుల మీద పనిచేసేవాళ్లు తమ శ్రమ పేజీలో కనపడకుండా పోతుందేమోనని బాధపడ్డారు. మరీ సున్నితమైనది డెస్క్‌టాప్ సంగతి. కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్లను ఏళ్ల తరబడి సొంత సమయం పెట్టి నిలబెడుతున్నవాళ్లు మాలో ఉన్నారు. ముందు పేజీలో ఒక్క బటనే ఉంటుందంటే, అది ఎవరిదో ఒకరిదే అవుతుంది. “మాది రెండో రకమనా?” అని ఒకరు సూటిగానే అడిగారు.

దీనికి నాకు తోచిన జవాబు చెప్పాను. ఎంచుకునే స్వేచ్ఛ మన అందరికీ ప్రాణం. అయితే తేడా తెలిసినవాడికే అది స్వేచ్ఛ, తెలియనివాడికి అడ్డు. ఒకసారి లోపలికి వచ్చి, నెల రోజులు వాడి, ‘ఇంకో రకం డెస్క్‌టాప్ ఉంటుందట కదా’ అని అడిగే మనిషి ఎక్స్‌ఎఫ్‌సీఈని మనసారా ఎంచుకుంటాడు. గుమ్మంలోనే వెనుదిరిగినవాడు ఏ ఎడిషన్‌కూ దక్కడు. చర్చ చాలా రోజులు సాగింది. కొన్నిసార్లు మాటలు పెరిగాయి కూడా. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. పాత పట్టిక ‘అన్ని డౌన్‌లోడ్లు’ అన్న పేరుతో, ఒక్క లింకు కూడా పోకుండా ఉంటుంది. పాత చిరునామాలన్నీ పనిచేస్తాయి, ఎందుకంటే ఎందరి స్క్రిప్టులో వాటి మీద ఆధారపడి ఉంటాయి. ముందు పేజీలో బటన్ కిందే దానికి దారి ఉంటుంది. పాత లాప్‌టాప్ అని చెప్పినవారికి తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషనే ముందుకు వస్తుంది. ఇది సర్దుబాటు కోసం చేసింది కాదు. మెమరీ తక్కువున్న యంత్రాలకు నిజంగానే అది బాగా సరిపోతుంది.

ఈ విషయంలో ఇతరులు ఏం చేశారో కూడా చూశాం. డెబియన్ ముందు పేజీలో ఇప్పుడు ఒకే పెద్ద డౌన్‌లోడ్ బటన్ ఉంది, నొక్కితే ఏఎమ్‌డీ64 నెట్ ఇన్‌స్టాల్ ఫైలు వచ్చేస్తుంది. ఫెడోరా అనే మరో లినక్స్ ప్రాజెక్టు 2016లో, 25వ వెర్షన్‌తో, విండోస్, మ్యాక్ వాడేవాళ్లకు ఐఎస్‌ఓ బదులు మీడియా రైటర్ అనే చిన్న ప్రోగ్రాం ఇవ్వడం మొదలుపెట్టింది. ఫైలు దించడం, పెన్‌డ్రైవ్‌లో రాయడం అదే చూసుకుంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కోసం 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్. మీ పరికరం ఏది, ఏ ఓఎస్ కావాలి, ఏ కార్డులో రాయాలి అని అడుగుతుంది. ఐఎస్‌ఓ అన్న మాటే వినపడదు. అలాంటి టూల్‌ను మేమే తయారుచేసి, ప్రతి విండోస్ అప్‌డేట్‌కీ పరీక్షిస్తూ నిలబెట్టేంత మనుషులు మా దగ్గర లేరు. కాబట్టి పేజీతోనే ఎంత దూరం తీసుకెళ్లగలమో అంత దూరం తీసుకెళ్లాలనుకున్నాం.

బ్రౌజర్‌ను బట్టి కంప్యూటర్ ఏదో కనిపెట్టి, సరైన ఫైలు మనమే ఇచ్చేద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది, మాకూ వచ్చింది. ప్రయత్నించి వదిలేశాం. యాపిల్ సొంత చిప్‌లతో వచ్చిన మ్యాక్‌లలో కూడా సఫారీ ‘ఇంటెల్ మ్యాక్’ అనే చెప్పుకుంటుంది. విండోస్ 11 కూడా యూజర్ ఏజెంట్‌లో (బ్రౌజర్ తన గురించి సైట్‌కు పంపే వరుసలో) విండోస్ ఎన్‌టీ 10.0 అనే కనపడుతుంది. పైగా చాలామంది ముందు ఫోన్‌లో పేజీ చూస్తారు, ఆండ్రాయిడ్ అని తెలుసుకుని మేం చేసేదేముంది? ఒక కంప్యూటర్‌లో దించి ఇంకో కంప్యూటర్‌లో వేసుకునేవాళ్లూ ఉన్నారు. వేసుకోబోయే యంత్రం అసలు ఆన్ కావడమే లేదు కాబట్టి పక్కవాళ్ల దాంట్లో దించుతున్నవాళ్లు కూడా. ఊహించి తప్పు ఫైలు ఇవ్వడం కన్నా మనిషిని తేలికైన మాటల్లో అడగడమే మేలు.

అందుకే పేజీ ఇప్పుడు ‘దీన్ని ఏ కంప్యూటర్‌లో వేసుకుంటారు?’ అని అడుగుతుంది. విండోస్‌తో వచ్చిన మామూలు లాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్, మ్యాక్, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు, ‘తెలియదు’. ఈ ‘తెలియదు’ బటన్ కోసం నేను గట్టిగా నిలబడ్డాను. అది నొక్కితే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ పేజీ బొమ్మ వస్తుంది. అక్కడ ‘సిస్టమ్ టైప్’ వరుసకు గుండ్రంగా గీత గీసి చూపించాం. ఎక్స్64 ఆధారిత ప్రాసెసర్ అని ఉంటే ఈ బటన్, ఏఆర్‌ఎమ్ ఆధారిత అని ఉంటే ఆ బటన్. కంపెనీ పేరు ఎక్కడా రాదు. మాస్టారుని మళ్లీ కూర్చోబెట్టినప్పుడు ఆయన నేరుగా ‘తెలియదు’ నొక్కి, బొమ్మలో ఉన్నట్టే తన తెర మీద ఆ వరుస పట్టుకుని, “ఇదిగో, ఎక్స్64” అని చదివి, సరైన ఫైలు తెచ్చుకున్నారు. స్టిక్కర్ వంక చూడనే లేదు.

బటన్ మీద ఫైలు సైజు రాశాం, ఎన్ని జీబీల పెన్‌డ్రైవ్ కావాలో పక్కనే చెప్పాం. మిర్రర్ జాబితా తీసేసి, దగ్గరలో ఉన్న సర్వర్‌కు సైటే పంపేలా చేశాం. నెట్ మధ్యమధ్యలో తెగిపోయేవారికి టొరెంట్ మంచిది, ఎందుకంటే అది ముక్కముక్కనూ సరిచూసుకుంటూ ఆగినచోటు నుంచే మొదలుపెడుతుంది. ‘డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోతోందా?’ అన్న ప్రశ్న కింద ఆ లింకు పెట్టాం.

చెక్‌సమ్ దగ్గర మాత్రం నాకు నిద్ర పట్టలేదు. కొత్తవాళ్లెవరూ దాన్ని ముట్టుకోరు, తీసేద్దామని కొందరు అన్నారు. నేను ససేమిరా అన్నాను. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవాళ్లు డౌన్‌లోడ్ లింకును మార్చేసి, దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓను అంటగట్టారు. 17.3 సినమన్ ఎడిషన్ దించుకున్నవాళ్లు దాని బారిన పడ్డారు. మింట్ బృందం వెంటనే బయటపెట్టి అందరినీ హెచ్చరించింది. అలాంటిది ఎవరికైనా జరగొచ్చు. దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫైలు ఉన్న సైట్‌లోనే చెక్‌సమ్ కూడా ఉంటే, సైట్‌ను పట్టుకున్నవాడు రెండిటినీ మార్చగలడు. చెక్‌సమ్ ఒక్కటే ఉంటే అది ఫైలు చెడిపోకుండా దిగిందో లేదో చెబుతుంది. ఫైలు మనదేనని తేలాలంటే డిజిటల్ సంతకం కావాలి.

బ్రౌజర్‌లోనే ఫైలును ఎంచుకుంటే పేజీయే సరిచూసి చెప్పేలా చేయాలని చూశాం. బ్రౌజర్లలో ఉన్న వెబ్ క్రిప్టో సదుపాయం ఫైలును కొంచెం కొంచెంగా తీసుకోదు, మొత్తం ఒకేసారి మెమరీలోకి ఎక్కించాలి. జీబీల కొద్దీ ఉన్న ఐఎస్‌ఓతో పాత లాప్‌టాప్ మొరాయిస్తుంది. విడిగా కోడ్ రాసి చేయొచ్చు కానీ, సైటే చెడిపోయినప్పుడు ఆ సైట్ ఇచ్చే ‘సరిగ్గా ఉంది’ అన్న మాటకు విలువేముంది? అందుకని విండోస్‌లోనే ఉండే, ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌కు ఇచ్చే కమాండ్‌నే, వాళ్లు దించుకున్న ఫైలు పేరుతో సహా రాసిపెట్టి, పక్కన కాపీ బటన్ ఇచ్చాం. వచ్చే 64 అక్షరాల చెక్‌సమ్ (ఎస్‌హెచ్‌ఏ256) విలువను కళ్లతో పోల్చుకోమని అడగకుండా, అదే కమాండ్ సరిపోల్చి ‘ట్రూ’ లేదా ‘ఫాల్స్’ అని చెప్పేలా రాశాం. సంతకం సరిచూసే పద్ధతి ఆ కిందే ఉంది. దాన్ని అందరూ చేయరని తెలుసు. చేయాలనుకున్నవాళ్లకు దారి తిన్నగా ఉండాలి.

బటన్ నొక్కగానే ఫైలు దిగడం మొదలవుతుంది, పేజీ తర్వాతి మెట్టుకు మారుతుంది. మా మార్పుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదే. ఫైలు దిగే అరగంటో గంటో మనిషి ఖాళీగానే ఉంటాడు. అప్పుడే పెన్‌డ్రైవ్ సంగతి చెబుతాం. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయన్న హెచ్చరిక అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో. ఐఎస్‌ఓను విప్పవద్దు, కాపీ చేయవద్దు, ఈ టూల్‌తో రాయండి అని చెప్పి, విండోస్‌కు రూఫస్, మ్యాక్‌కు బలీనా ఎచర్ చూపించాం. రెండు మూడు టూల్స్ చూపించి ఎంచుకోమనడం మళ్లీ పాత పట్టికకే దారి తీస్తుంది కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కటే.

ఈ దశలో ఇంకొకాయన పక్కన కూర్చున్నప్పుడు, ముందు ఎవరం ఊహించనిది ఒకటి కనిపించింది. పెన్‌డ్రైవ్ చక్కగా రాయడం అయిపోయింది. వెంటనే విండోస్ ఒక చిన్న పెట్టె చూపించింది: ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? లినక్స్ విభాగాలను విండోస్ చదవలేదు కాబట్టి కొన్నిసార్లు అలా అడుగుతుంది. ఆయన చాలా మర్యాదగా ‘ఫార్మాట్’ నొక్కారు. అంతసేపు చేసిందంతా క్షణంలో పోయింది. కంప్యూటర్ అడిగితే సరేననడం తప్పెలా అవుతుంది? ఆ పెట్టె బొమ్మను ఉన్నదున్నట్టు పేజీలో పెట్టి, ‘ఇలా అడిగితే క్యాన్సిల్ నొక్కండి, మీ పెన్‌డ్రైవ్ బాగానే ఉంది’ అని రాశాం. మొత్తం పేజీలో ఎక్కువమందిని కాపాడే వాక్యం అదేనని నా నమ్మకం.

మరో చిక్కు ఇంతకాలం మా కళ్ల ముందే ఉంది. బూట్ మెనూ ఎలా తెరవాలో చెప్పే సూచనలు కంప్యూటర్ తెర మీద ఉంటాయి. వాటిని పాటించాలంటే ఆ కంప్యూటర్‌నే ఆపాలి. ఎఫ్12 నొక్కాలా, ఎఫ్2నా, ఎస్కేపా, డిలీటా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. తెర నల్లబడ్డాక చూసుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ఆ మెట్టు దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టాం. ఫోన్‌తో స్కాన్ చేస్తే మిగిలిన సూచనలు ఫోన్‌లో తెరుచుకుంటాయి. ఆ ఫోన్ పేజీని ఒక్క చేత్తో పట్టుకుని చదివేలా, పెద్ద అక్షరాలతో, ఒక్కో తెరకు ఒక్కో పనిగా చేశాం. డిగ్రీ అమ్మాయి ఫోన్‌ను కీబోర్డుకు ఆనించి పెట్టి, లోగో కనపడగానే ఎఫ్12 టపటపా కొడుతూ కూర్చుంది. మెనూ వచ్చింది. పెన్‌డ్రైవ్ ఎంచుకుంది. డెస్క్‌టాప్ తెర మీదికి వచ్చేసరికి “అక్కా, వచ్చేసింది!” అని అరిచింది. అది లైవ్ సెషన్ అనీ, ఆమె విండోస్ ఇంకా చెక్కుచెదరకుండా ఉందనీ అక్కడే పెద్దగా రాసి ఉంది. భయం లేకుండా వైఫై కలిపింది, పాట పెట్టింది, అన్నీ కెలికి చూసింది.

వైఫై మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పేజీ ఎంత తీర్చిదిద్దినా దాని వెనకున్న ఫైలు సరిగా లేకపోతే మొదటికే మోసం. డెబియన్ చాలాకాలం తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ (పరికరాలను నడిపే, స్వేచ్ఛా లైసెన్సు లేని ప్రోగ్రాములు) పెట్టలేదు. ఎన్నో లాప్‌టాప్‌లలో వైఫై పనిచేయాలంటే అది కావాలి. ఫర్మ్‌వేర్‌తో కూడిన ఐఎస్‌ఓ వేరేచోట, అనధికారిక ఇమేజ్‌లన్న పేరుతో ఉండేది, తెలిసినవాళ్లకే దొరికేది. 2022లో డెవలపర్లు ఓటు వేసి ఆ పద్ధతి మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ అధికారిక ఇమేజ్‌లోనే వస్తోంది. సిద్ధాంతాన్ని ప్రాణంగా పట్టుకునేవాళ్లు కొత్తవాళ్ల కోసం తీసుకున్న ఆ నిర్ణయం మా చర్చల్లో నాకు చాలా బలాన్నిచ్చింది. మా ఇన్‌స్టాలర్ బృందం కూడా ఈ విషయంలో నాతో నిలబడింది.

కొత్త పేజీ పెట్టాక మా సాయం విభాగానికి వచ్చే ప్రశ్నల తీరు మారింది. ‘ఏ ఫైలు దించాలి’, ‘ఐఎస్‌ఓ ఓపెన్ కావడం లేదు’ అన్నవి బాగా తగ్గాయి. ఇప్పుడు వచ్చేవి సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే రక్షణ) గురించి, విండోస్‌ను ఉంచుకుని పక్కన వేసుకోవడం గురించి. వాటిలో ఒకటి మాత్రం నన్ను కలవరపెడుతోంది. ఇటీవలి విండోస్ 11 లాప్‌టాప్‌లలో చాలావాటిలో డిస్కు ముందునుంచే ఎన్‌క్రిప్ట్ అయి (తాళం వేసి) ఉంటుంది, యజమానికి ఆ సంగతే తెలియదు. సెక్యూర్ బూట్ ఆపినా, బూట్ సెట్టింగులు మార్చినా విండోస్ తిరిగి తెరుచుకునేటప్పుడు ఆ తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. చాలామందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. అక్కడ ఉందని తెలియని మనిషికి, ఫొటోలూ కాగితాలూ అన్నీ అందులోనే ఉన్న మనిషికి, ఆ నీలం తెర కనపడితే గుండె ఆగినంత పనవుతుంది.

ఆ కీ ముందే వెతికి రాసిపెట్టుకోమని చెప్పే పేరా ఒకటి తయారుచేశాను. దాన్ని బూట్ మెనూ మెట్టులో పెడితే చాలని మావాళ్లు కొందరు అంటున్నారు, ముందే చెబితే కొత్తవాళ్లు బెదిరిపోతారని వాళ్ల భయం. కానీ అప్పటికి కొందరు కంప్యూటర్ ఆపేసి ఉంటారు, చదివేలోగా ఆలస్యమవుతుంది. ఫైలు దిగుతున్నంతసేపు చూసే పేజీలోనే, పెన్‌డ్రైవ్ హెచ్చరిక పక్కనే, ఆ కీ దొరికే చోటు బొమ్మతో సహా ఉండాలని నేనంటున్నాను. రెండు రకాలుగానూ పేజీలు చేసి పెట్టాను. విండోస్ 11 లాప్‌టాప్ ఉన్న కొత్తవాళ్లను వెతికి, వచ్చే వారం మళ్లీ పక్కన కూర్చోబోతున్నాను.